ఫించ్ అంటే అసలు ఏ పిట్ట? ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

కొత్తపంజరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పట్టుబట్టి కూర్చుంటే ఒక జత జీబ్రా ఫించ్‌లు తెచ్చాం. కొట్లో చారల పిట్టా ఫించే అన్నాడు, రంగురంగుల పిట్టా ఫించే అన్నాడు, గోధుమరంగు మీద తెల్లమచ్చలున్నదీ ఫించే, ఎర్రగా ఒళ్లంతా చుక్కలున్న బుల్లిపిట్ట కూడా ఫించే. లవ్ బర్డ్స్‌ని ఒక్కటీ వదిలేశాడు. ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే "పిచ్చుక వంటి ఒక పక్షి" అని ఉంది. పిచ్చుక వంటి పక్షులు మన చుట్టూ బోలెడున్నాయి కదండీ, వాటన్నిటినీ ఫించ్ అనం కదా. ఇంతకీ ఈ మాట దేన్ని బట్టి వచ్చింది? రంగుని బట్టా, ముక్కుని బట్టా, ఏదైనా ఊరి పేరా? అమ్మాయి ఆరో తరగతి. దానికి అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు.

నల్లమల_దుర్భిణి (నంద్యాల)

రంగూ కాదు, ఊరూ కాదు. అరుపు.

కాకికి ఆ పేరు ఎలా వచ్చిందో, తీతువుకి ఎలా వచ్చిందో దీనికీ అలాగే వచ్చింది. ఐరోపాలో తోటల్లోనూ పొలం గట్ల మీదా చాలా మామూలుగా కనిపించే చిన్నపిట్ట ఒకటుంది. ఇంగ్లీషులో చాఫించ్ అంటారు. అది "పింక్... పింక్" అని పొడిపొడిగా అరుస్తుంది. ఆ అరుపే దానికి పేరైంది. జర్మన్‌లో ఇప్పటికీ ఫింక్, స్వీడిష్‌లో ఫింక్, డచ్చిలో వింక్. ఇంగ్లీషులో మాత్రం చివరి "క" కాస్తా "చ"గా మారింది. కన్నడంవాళ్ల కివి మన దగ్గర చెవి, వాళ్ల కెయ్ మన దగ్గర చెయ్యి అయినట్టే.

అమ్మాయికి ఇంతవరకు చెబితే సరిపోతుంది. కొట్టువాడు చూపించిన పిట్టల్లో ఎన్ని ఫించ్‌లు అన్నది వేరే గొడవ, దానికి తర్వాత వస్తాను. ముందు ఇంగ్లండులో ఉన్నవాళ్లు ఎవరైనా చాఫించ్ గురించి చెబితే బాగుంటుంది. నేను బొమ్మల్లోనూ రికార్డింగుల్లోనూ తప్ప ఎరగను.

లెస్టర్_శ్రీను (ఇంగ్లండ్)

రోజూ చూస్తున్నానండీ. మగదానికి తల మీద నీలిబూడిద రంగు టోపీ, బుగ్గలూ రొమ్మూ ఇటుకరాతి గులాబి, రెక్కల మీద రెండు తెల్లపట్టీలు. ఆడది మట్టిరంగు, కానీ ఆ తెల్లపట్టీలు దానికీ ఉంటాయి. ఎగిరినప్పుడు అవే గుర్తు. పార్కుల్లో కారు ఆపితే బల్ల కిందికి వచ్చి రొట్టెముక్కలు ఏరుకునేంత చనువు.

దీనికి పిలుపు వేరు, పాట వేరు. పింక్ అనేది పిలుపు. పిల్లి కనబడినా, జతని పిలవాలన్నా అదే. పాట వసంతంలో మగది పాడుతుంది. గబగబా మెట్లు దిగి చివర్లో జారిపడ్డట్టు ఉంటుంది. కేంబ్రిడ్జిలో థోర్ప్ అనే ఆయన 1950ల్లో ఈ పిట్ట పిల్లల్ని పెద్దవాటికి దూరంగా పెంచి చూశాడు. పాట సరిగా రాలేదు, ఏదో సగం సగం కూత వచ్చింది. పెద్దల పాట విని నేర్చుకోవాల్సిందే. పక్షులు పాట ఎలా నేర్చుకుంటాయన్న చదువుకి ఈ పిట్టే మొదటి పలక.

ఇక "చా" అన్న ముక్క. ఇంగ్లీషులో చాఫ్ అంటే పొట్టు, ఊక. కోతలయ్యాక కళ్లాల దగ్గర, కొట్టాల దగ్గర పొట్టులో మిగిలిన గింజలు ఏరుకు తినే ఫించ్ కాబట్టి చాఫించ్. ఇక్కడ కొన్ని పల్లెల్లో ముసలివాళ్లు దీన్ని ఇప్పటికీ "పింక్" అనో "స్పింక్" అనో అంటారు.

వ్యుత్పత్తి_పిచ్చి (హైదరాబాద్)

శ్రీను గారు చివర్లో అలవోకగా అనేసిన "స్పింక్" దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, అసలు మజా అక్కడుంది.

పిట్ట అరిచేది "ప"తో, పేరు మొదలయ్యేది "ఫ"తో. ఎందుకని? జర్మన్, ఇంగ్లీషు, డచ్చి భాషల తల్లిలో పాత "ప" అంతా "ఫ" అయింది. సంస్కృతంలో పితృ, అక్కడ ఫాదర్. సంస్కృతంలో పాదం, అక్కడ ఫుట్. జర్మన్ భాషావేత్త గ్రిమ్ గారు 1822లో సూత్రీకరించి పెట్టిన మార్పు ఇదే. మన పాలు, పులి కన్నడంలో హాలు, హులి అయినట్టన్నమాట. ఈ పిట్టపేరు కూడా ఆ మార్పులో కొట్టుకుపోయి ఫింక్ అయిందని ఒక లెక్క. పిట్ట మాత్రం గ్రిమ్ సూత్రం చదువుకోలేదు! అది మునుపటిలాగే పింక్ పింక్ అంటూనే ఉంది. దాంతో పల్లెజనం మళ్లీ మొదటి నుంచి విని "పింక్" అని కొత్తగా పేరు పెట్టుకున్నారు. ఒకే పిట్టకి ఒకే అరుపు నుంచి రెండుసార్లు పేరు.

పక్క భాషల్లోనూ చూడండి: వెల్ష్‌లో పింక్, ఫ్రెంచిలో పైన్సాఁ, ఇటాలియన్‌లో పిన్చోనె. హంగేరియన్ ఈ కుటుంబంలోదే కాదు, అయినా అక్కడ పింటి. వీటన్నిటికీ ఒకే ధాతువు కట్టబెట్టే పుస్తకాలున్నాయి. నాకు అంత నమ్మకం లేదు. వినే చెవి ఎక్కడుంటే అక్కడ ఆ పేరు పుట్టగలదు. హంగేరీ రైతు ధాతువు కోసం లాటిన్ పండితుడి ఇంటికి పోనక్కర్లేదు, గుమ్మం బయట చెట్టుంది.

ఖరగ్‌పూర్_రావు

అయ్యా, మాది తాతల నాటి నుంచి రైల్వే ఖరగ్‌పూర్. ఇక్కడ బెంగాలీలో "ఫిఙె" అనే పిట్ట ఉంది. తీగల మీద కూర్చుంటుంది, నల్లగా, తోక చీలి ఉంటుంది. ఫిఙె, ఫించ్, ఫింక్... ఏమైనా చుట్టరికమా?

వ్యుత్పత్తి_పిచ్చి

రావు గారూ, మీరు చెప్పేది మన పసుల పోలిగాడు. పురుగులు తినే పిట్ట, గింజలు ముట్టదు, కాకినీ గద్దనీ తరిమి తరిమి కొడుతుంది. దానికీ ఫించ్‌కీ ముక్కు, తిండి, నడత ఏదీ కలవదు. మాటలు ఒకేలా వినబడటం ఒక్కటే చుట్టరికం కాదు. అలా కలుపుకుంటూ పోతే మన "పింగాణీ" కూడా ఇందులో కలిసిపోతుంది.

ఖరగ్‌పూర్_రావు

పసుల పోలిగాడు! మా నాయనమ్మ అనేది ఆ మాట. విని ఎన్నాళ్లయిందో.

లూవెన్_లత (బెల్జియం)

చాఫించ్ అరుపు గురించి మాట్లాడుతూ ఫ్లాండర్స్, అంటే బెల్జియంలో డచ్చి మాట్లాడే ఉత్తరభాగం, దాని సంగతి రాకపోతే ఎలా? ఇక్కడ దీని మీద పందేలు జరుగుతాయి. కోడిపందెం కాదు, కూతపందెం. "వింకెన్" ఆట అంటారు. 16వ శతాబ్దం చివరి నుంచీ ఆనవాళ్లున్నాయి. వేసవిలో ఆదివారం పొద్దున్నే ఊరి వీధిలో చిన్న చిన్న చెక్కపెట్టెలు వరసగా పెడతారు. ఒక్కో పెట్టెలో ఒక్కో మగ వింక్. ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి చేతిలో పొడుగాటి కర్ర, సుద్దముక్క. పిట్ట పాట పూర్తిచేసినప్పుడల్లా కర్ర మీద ఒక గీత. గంటసేపు. ఎక్కువ గీతలున్నవాడిది గెలుపు.

తిరకాసు ఏంటంటే పాట చివర "సుస్కెవీట్" అని స్పష్టంగా ముగియాలి. ముగింపు తేడాగా ఉంటే ఆ పాట లెక్కలోకి రాదు. ఫ్రెంచి మాట్లాడే దక్షిణం వైపు పిట్టలు వేరే యాసలో ముగిస్తాయనీ, వాటిని పోటీకి తేవద్దనీ ఇక్కడివాళ్లు నవ్వుతూనే అంటారు, నవ్వుతూనే పాటిస్తారు. యాస గొడవ మనుషుల మధ్య చాలదన్నట్టు పిట్టలకీ అంటించారు! శ్రీను గారు చెప్పిన థోర్ప్ పని గుర్తుపెట్టుకుంటే ఇది వింతేం కాదు, విని నేర్చుకునే పాటకి ప్రాంతాన్ని బట్టి తేడా రాక తప్పదు.

వెనకటి రోజుల్లో చూపు చెదరకుండా పాడాలని పిట్టల కళ్లు కాల్చేవాళ్లు. పోయిన శతాబ్దంలో దాన్ని నిషేధించారు. మూసిన పెట్టెలు వచ్చింది దాని బదులుగానే. నాకు ఆ పెట్టెలు కూడా నచ్చవు, అది వేరే మాట.

నల్లమల_దుర్భిణి

లత గారూ, అద్భుతం.

చాఫించ్ శాస్త్రీయనామం కూడా చెప్పేస్తాను, ఇందులో ఒక కథ ఉంది. ఫ్రింజిల్లా సీలెబ్స్. ఫ్రింజిల్లా అంటే లాటిన్‌లో ఇలాంటి చిన్నపిట్ట. సీలెబ్స్ అంటే పెళ్లికానివాడు, బ్రహ్మచారి. జీవులకి ఇలా రెండు మాటల శాస్త్రీయనామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లో పెట్టాడు. ఆయనది స్వీడన్. అక్కడ చలికాలం రాగానే ఆడపిట్టలు దక్షిణానికి వెళ్లిపోతాయి, మగవి కొన్ని అక్కడే ఉండిపోతాయి. మంచులో ఎటు చూసినా మగవే. పుట్టింటికి పోయిన పెళ్లాం కోసం ఎదురుచూసే మొగుణ్ణి పట్టుకుని బ్రహ్మచారి అనడం అన్యాయమే గానీ, పేరు అలాగే నిలిచింది.

పాతబస్తీ_పరిందా (హైదరాబాద్)

అన్నా, గివన్నీ మంచిగనే ఉన్నయి. నేను చిన్నప్పటి సంది పిట్టలు సాదుతున్న. జీబ్రా, గోల్డియన్, బెంగాలీ, జావా అన్నీ ఉన్నయి నా దగ్గర. మాకు గివన్నీ ఫించులే. బ్రీడరు అంతే అంటడు, దాన పొట్లం మీద అంతే రాసుంటది. ఇప్పుడు మీరొచ్చి చాఫించ్ ఒక్కటే ఫించ్ అంటే నా పంజరంల ఉన్నయి ఏం పిట్టలు? కాకులా?

నల్లమల_దుర్భిణి

భాయ్, కోపం వద్దు. మీ పంజరంలో ఉన్నవి ఫించ్ అనే పేరున్న పిట్టలే, ఫించ్ కుటుంబం పిట్టలు కావు. అంతే తేడా.

పేరు ఎలా సాగిందో చూడండి. మొదట ఒక్క పిట్ట అరుపు. తర్వాత దాని పోలికలున్నవాటికి, అంటే గింజలు చితక్కొట్టే పొట్టి ముక్కున్నవాటికి పాకింది. పచ్చగా ఉంటే గ్రీన్‌ఫించ్, రెక్క మీద బంగారుపట్టీ ఉంటే గోల్డ్‌ఫించ్, మెడ బలిసి కోడెలా ఉంటే బుల్‌ఫించ్. వీటిలో ఒక్కటీ పింక్ అని అరవదు, అయినా పేరు అంటుకుంది. ఇవన్నీ నిజంగానే ఒక కుటుంబం, ఫ్రింజిల్లిడే. 200కి పైగా జాతులు. మీ దగ్గర క్యానరీ ఉంటే అది అసలు సిసలు ఫించ్, పేరులో ఆ మాట లేకపోయినా.

తర్వాత ఇంగ్లీషువాళ్లు ఓడలెక్కి ఊళ్లు పట్టుకు తిరిగారు. పొట్టి ముక్కుతో గింజ కొరికే బుల్లిపిట్ట ఎక్కడ కనబడినా ఫించ్ అనేశారు. ఆస్ట్రేలియాలో పుట్టిన ఫ్రింజిల్లిడే పక్షి ఒక్కటీ లేదు. ఇప్పుడక్కడున్న గోల్డ్‌ఫించ్, గ్రీన్‌ఫించ్ ఐరోపా నుంచి తెచ్చి వదిలినవే. అయినా జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియా పిట్ట, గోల్డియన్ ఆస్ట్రేలియా పిట్ట. ఆ రెండూ ఎస్ట్రిల్డిడే కుటుంబం. మన మునియాలు ఉన్న కుటుంబం అదే. అంటే మీ జీబ్రా ఫించ్‌కి లండన్ చాఫించ్ కంటే మన జొన్నచేలో తిరిగే మునియా దగ్గరి చుట్టం.

పాతబస్తీ_పరిందా

గట్లనా. మునియాల ఖాన్‌దాన్ అంటే ఒప్పుకుంట, నడత కూడా గట్లనే ఉంటది. గుండ్రంగ పక్కకు తొర్ర పెట్టి గడ్డి గూడు కడుతయి. క్యానరీ వేరే, గిన్నె లెక్క గూడు పెడ్తది. ఎప్పుడు సోంచాయించలే ఎందుకని.

మరి బెంగాలీ ఫించ్? బెంగాల్‌దేనా?

ఖరగ్‌పూర్_రావు

మా బెంగాల్లో ఎవరూ దాన్ని తమది అనగా వినలేదు!

నల్లమల_దుర్భిణి

రావు గారు చెప్పింది నిజమే. దానికీ బెంగాల్‌కీ సంబంధం లేదు. తెల్లనడుము మునియాని 18వ శతాబ్దంలో చైనా నుంచి జపాన్ తీసుకెళ్లి, తరాల తరబడి పంజరాల్లో పెంచి తయారుచేసిన పిట్ట అది. అడవిలో దొరకదు. ఆ మూలజాతి మునియా మన దేశంలోనూ ఉంది. గోల్డియన్ గుడ్లను పొదగడానికి మీరు దీన్నే పెడతారు కదా భాయ్?

పాతబస్తీ_పరిందా

అవును అన్నా. గోల్డియన్ నకరాలు చేస్తది, గుడ్లిడిచి పోతది. బెంగాలీది అట్ల కాదు, ఎవరి పిల్లలైనా సాదుతది. మంచి తల్లి.

గోల్డియన్ అంటే గోల్డు రంగున్నదని కదా పేరు?

లెస్టర్_శ్రీను

కాదు భాయ్. గోల్డు కాదు, గూల్డ్. జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు తన భార్య ఎలిజబెత్ గుర్తుగా పెట్టిన పేరు. ఆయన పుస్తకాలకి పిట్టల బొమ్మలు గీసింది ఆవిడే. 1841లో ప్రసవం తర్వాత చనిపోయింది. 1844లో ఆయన ఆ పిట్టని వర్ణిస్తూ ఆమె పేరు పెట్టాడు. అంగళ్లలో గోల్డియన్ అని పలికి పలికి బంగారం చేసేశారు.

కొత్తపంజరం

మా అమ్మాయి పక్కనే కూర్చుని చదువుతోంది. ఎలిజబెత్ గారి సంగతి విని "మరి ఆమె బొమ్మ ఎక్కడ దొరుకుతుంది?" అంటోంది. వెతికి పెడతాను. ఇంకో ప్రశ్న: ఎర్రగా తెల్లచుక్కలున్న ఆ బుల్లిపిట్టని "స్ట్రాబెరీ ఫించ్" అన్నాడు. అదీ ఆస్ట్రేలియాదేనా? దానికి జత తేవాలని మా ఆవిడ ఉద్దేశం.

నల్లమల_దుర్భిణి

అయ్యా, అది తేవద్దు. అది మన పిట్టే, ఎర్ర మునియా. చెరువుగట్ల రెల్లులో, చెరకుతోటల్లో గుంపులుగా తిరుగుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశపు అడవి పిట్టని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం మూడూ నేరమే. కొన్నిచోట్ల మామూలు మునియాలకి రంగు పూసి కూడా అమ్ముతారు, రెండు స్నానాలకి రంగు దిగుతుంది. జీబ్రాలు విదేశీవి, పంజరంలోనే పుట్టి పెరిగినవి కాబట్టి ఆ చిక్కు లేదు.

దాని పేరుకి మాత్రం గొప్ప కథ ఉంది. శాస్త్రీయనామం అమందవా. ఇంగ్లీషులో అవదావత్ అని కూడా అంటారు. రెండూ అహ్మదాబాద్ అన్న మాట నలిగి నలిగి అయినవే. ఒకప్పుడు ఆ ఊరి నుంచి ఈ పిట్టల్ని ఐరోపాకి ఎగుమతి చేసేవాళ్లు. పోర్చుగీసువాళ్ల నోట, ఇంగ్లీషువాళ్ల నోట పడి ఊరి పేరు పిట్ట పేరైంది. లిన్నేయస్ 1758లో దీన్ని ఫ్రింజిల్లా అమందవా అని రాశాడు, అంటే ఆయన లెక్కలో చాఫించ్ ప్రజాతిలోనే వేశాడు. తర్వాతివాళ్లు విడదీశారు.

మొదటి పోస్టులో "ఏదైనా ఊరి పేరా" అని అడిగారు చూడండి, ఆ పంజరాల్లో ఒక్కదానికి అది వర్తిస్తుంది.

కొత్తపంజరం

సరే, మునియా ఆలోచన మానేశాం. మంచి మాట చెప్పారు.

సైన్సుమాష్టారు (సిద్దిపేట)

చర్చ ఇంత దూరం వచ్చి డార్విన్ ఫించ్‌లు రాలేదేంటి? తిండిని బట్టి ముక్కులు మారిన పిట్టలని పిల్లలకి ప్రతి ఏడూ చెప్పే పాఠం. ఇప్పుడు అవి కూడా ఫించ్‌లు కావంటారా?

నల్లమల_దుర్భిణి

కావు మాష్టారూ. టానజర్ల కుటుంబం, దక్షిణ అమెరికా వైపు పిట్టలు. పాఠం మాత్రం మార్చనక్కర్లేదు.

డార్విన్ 1835 సెప్టెంబరు, అక్టోబరుల్లో గాలాపాగోస్ దీవుల్లో ఉన్నాడు. అప్పుడు ఆ పిట్టలన్నీ ఒక్క తెగవని ఆయనకి తట్టలేదు. ఏ పిట్ట ఏ దీవిలో దొరికిందో చీటీ కూడా సరిగా కట్టలేదు. 1837 జనవరిలో లండన్‌లో వాటిని పరీక్షించి, ముక్కులు ఇంత వేరుగా ఉన్నా ఇవన్నీ ఒకే గుంపు అని చెప్పింది ఎవరో తెలుసా? శ్రీను గారు ఇందాక చెప్పిన జాన్ గూల్డే. 1859లో వచ్చిన డార్విన్ జాతుల పుట్టుక పుస్తకంలో గాలాపాగోస్ ఫించ్‌లని పేరుపెట్టి ప్రస్తావించనే లేదు. "డార్విన్ ఫించ్‌లు" అన్న మాట 1936లో పెర్సీ లో (Lowe) అనే ఆయన వాడాడు. 1947లో డేవిడ్ లాక్ ఆ పేరుతో పుస్తకం రాశాక లోకానికి అలవాటైంది.

మీ పాఠానికి పనికొచ్చే అసలు కథ డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో ఉంది. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి అక్కడ పిట్టల కాళ్లకి కడియాలు వేసి, ముక్కులు కొలిచి, దశాబ్దాల పాటు లెక్క రాశారు. 1977లో వాన పడలేదు. మెత్తటి చిన్నగింజలు త్వరగా అయిపోయాయి. మిగిలినవి ఏంటో తెలుసా? పల్లేరు జాతి కాయలు! మన పొలాల్లో అరికాల్లో దిగే పల్లేరుకి దగ్గరి చుట్టం. లావు ముక్కున్నవి దాన్ని పగలగొట్టుకుని బతికాయి, సన్నముక్కువి ఆకలికి పోయాయి. నేలఫించ్‌లలో ఒక జాతి నూటికి ఎనభైకి పైగా చచ్చిపోయింది. తర్వాత పుట్టిన తరం ముక్కులు సగటున లావుగా ఉన్నాయి. 1983 ప్రాంతంలో విపరీతంగా వానలు పడి చిన్నగింజలు మళ్లీ బలిసేసరికి గాలి అటు తిరిగింది, చిన్నముక్కు వాటికి మేలైంది.

సైన్సుమాష్టారు

పల్లేరుకాయ! ఇది చాలు నాకు. మా పిల్లలకి డార్విన్ ఎక్కిన బీగిల్ ఓడ తెలియదు గానీ పల్లేరు బాగా తెలుసు. రేపు బడికి రెండు కాయలు, ఒక లావు పటకారు, ఒక సన్న పట్టుకారు పట్టుకుపోతా. సన్నదానితో పగలగొట్టమంటే తెలిసిపోతుంది.

ఎడిసన్_పద్మ (న్యూజెర్సీ)

నాకు ఇక్కడ పెరట్లో రెండు రకాలు వస్తాయి. ఒకటి పసుపుపచ్చది, అమెరికన్ గోల్డ్‌ఫించ్, మా రాష్ట్ర పక్షి. రెండోది హౌస్ ఫించ్, మగదానికి తలా రొమ్మూ ఎరుపు. ఈ రెండూ అసలు ఫించ్‌లే, దుర్భిణి గారి పరీక్ష పాసయ్యాయి.

హౌస్ ఫించ్‌ది మన వీసా కథలాంటిదే. దాని సొంతూరు అమెరికా పడమటి వైపు. న్యూయార్కు అంగళ్లలో దాన్ని "హాలీవుడ్ ఫించ్" అని కొత్త పేరు పెట్టి అమ్మేవాళ్లు. అడవిపక్షుల్ని అమ్మకూడదన్న చట్టం ఉంది. 1940లో అధికారులు పట్టుకుంటారని తెలిసి, వ్యాపారులు లాంగ్ ఐలండ్‌లో పంజరాలు తెరిచి వదిలేశారు. ఆ కొద్దిపాటి పిట్టలే పెరిగి పెరిగి తూర్పు అమెరికా అంతా నిండిపోయాయి.

ఇంకోటి. గోల్డ్‌ఫించ్‌లకి మేము వేసే సన్నటి నల్లగింజల్ని ఇక్కడ నైజర్ అంటారు. సంచి మీద ఇండియా అని చూసి వాట్సాప్‌లో మా అమ్మకి ఫొటో పంపితే "ఇవి వలిసెలే కదే!" అంది. అరకులోయలో పసుపుపచ్చగా పూస్తాయే, అవే. మన దేశం నుంచి, ఇథియోపియా నుంచి ఇక్కడికి వస్తాయి. మొలవకుండా వేడిచేసి పంపాలని ఇక్కడి రూలు. వైజాగు పిల్లని, వలిసెపూల దగ్గర ఫొటోలు దిగామే తప్ప గింజ ఎటు పోతుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

సరదా_బ్యాట్స్‌మన్ (హన్మకొండ)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. 2014లో మన సన్‌రైజర్స్‌కి ఆడిన ఆరన్ ఫించ్‌కీ ఈ పిట్టకీ ఏమైనా?

వ్యుత్పత్తి_పిచ్చి

ఉంది. ఇంగ్లండులో ఫించ్ అనే ఇంటిపేరు ఈ పిట్ట నుంచే, ముద్దుపేరుగా మొదలై ఇంటిపేరైంది. జర్మనీలో ఫింక్, హాలండులో వింక్ ఇంటిపేర్లూ అంతే. మన దగ్గర పిచ్చుక, కాకి, కోడి ఇంటిపేర్లు లేవా? ఈ ఆటగాడి తాతలు ఏ కూత కూసి ఆ పేరు తెచ్చుకున్నారో మనకనవసరం.

నెల్లూరు_రవళి

అందరూ అన్నీ చెప్పారు గానీ ఒకటి మిగిలిపోయింది. అసలు ఫించ్ మన ఊళ్లకి వస్తుందా రాదా?

వస్తుంది. దానికి తెలుగు పేరు కూడా ఉంది.

ఇంగ్లీషులో కామన్ రోజ్‌ఫించ్. ఫ్రింజిల్లిడే కుటుంబం, చాఫించ్‌కి చుట్టం. వేసవిలో హిమాలయాల్లోనూ, అటు సైబీరియా, తూర్పు ఐరోపా దాకానూ గూళ్లు పెడుతుంది. చలికాలంలో మన తూర్పుకనుమల దాకా దిగుతుంది. జెర్డన్ పేరు వినే ఉంటారు, కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో సర్జను, మా నెల్లూరులో కూడా పనిచేశాడు. 1862 నుంచి అచ్చయిన భారత పక్షుల పుస్తకంలో ప్రతి పిట్టకీ దొరికినంత వరకు దేశభాషల పేర్లు రాసిపెట్టాడు. మునియాలకి తెలుగు పేరు జీనువాయి అని రాశాడు. ఈ రోజ్‌ఫించ్‌కి రాసిన తెలుగు పేరు "యెద్రు పిచికె". దక్షిణాన దాన్ని తాను ఎక్కువగా వెదురుపొదల్లోనే చూశాననీ, వెదురుబియ్యం తింటూ ఉంటుందనీ, తెలుగువాళ్లు అందుకే వెదురు పిచ్చుక అంటారనీ వివరం ఇచ్చాడు.

కొత్తపంజరం గారూ, ఇంగ్లీషువాళ్లు దాని అరుపుని విన్నారు, మనవాళ్లు అది ఎక్కడ వాలుతుందో చూశారు. నిఘంటువు రాసినాయన "పిచ్చుక వంటి ఒక పక్షి" అని సరిపెట్టేశాడు గానీ, కొండల్లో పిట్టలు పట్టేవాళ్లు ఏనాడో దానికి విడిగా పేరు పెట్టుకున్నారు.

సైన్సుమాష్టారు

మా వైపు వెదురుని ఇప్పటికీ ఎదురే అంటరు. ఎదురు కట్టె, ఎదురు బొంగు. ఆ తెల్లదొర విన్నది విన్నట్టే రాసిండు.

పాతబస్తీ_పరిందా

రోజ్‌ఫించ్ అంటే మా తూతీ కదా! ఉర్దూల తూతీ అంటరు. "నక్కార్‌ఖానేల తూతీ ఆవాజ్ ఎవరు వింటరు" అని సామెత. నగారాలు మోగేకాడ చిన్నపిట్ట కూత ఎవరికి వినబడ్తది అని. ఫార్సీల తూతీ అంటే చిలుక, ఈడికొచ్చినాక గీ పిట్ట అయింది.

వ్యుత్పత్తి_పిచ్చి

జెర్డన్ కూడా హిందుస్తానీ పేరు తూతీ అనే రాశాడు భాయ్. చిలుక పేరు ఇంకో పిట్టకి దిగడం, ఫించ్ పేరు ఆస్ట్రేలియా పిట్టలకి పాకడం ఒకే తరహా. పేర్లకి పాస్‌పోర్టు అడిగేవాడు లేడు.

మారేడుమిల్లి_మల్లేశ్

నేను అడవి దారుల్లో జీపు తోలుతాను, చలికాలంలో పిట్టలు చూడ్డానికొచ్చేవాళ్లని తిప్పుతుంటాను. పేరు ఇప్పుడే విన్నాను, పిట్టని మాత్రం చూసే ఉంటాను. గోధుమరంగు పిచ్చుకల గుంపు ఒకటి వెదురులోంచి లేస్తుంది, మధ్యలో ఒకటో రెండో తల ఎర్రగా ఉంటాయి. రవళి గారూ, మగది తెలుస్తుంది గానీ ఆడదాన్ని పిచ్చుక నుంచి ఎలా గుర్తుపట్టాలి? వచ్చినవాళ్లు అడిగితే నీళ్లు నమలాల్సొస్తోంది.

నెల్లూరు_రవళి

మల్లేశ్ గారూ, మూడు చూడండి. రొమ్ము మీద సన్నటి గోధుమ గీతలుంటే రోజ్‌ఫించ్, ఊరపిచ్చుక ఆడదానికి రొమ్ము సాదాగా ఉంటుంది. ముఖంలో ఏమీ లేకుండా నల్ల కన్ను ఒక్కటే పూసలా కనబడితే రోజ్‌ఫించ్, పిచ్చుకకి కంటి వెనక లేతరంగు చార ఉంటుంది. ముక్కు పొట్టిగా, మొదట్లో బాగా లావుగా ఉంటుంది. పైగా ఊరపిచ్చుక ఇళ్లు వదిలి లోపలి అడవిలోకి రాదు. ఎర్రతల మగవాటి కోసం ఆగకండి, గుంపులో ఎక్కువగా ఆడవీ పిల్లవీ ఉంటాయి. అక్టోబరు దాటాక ఈసారి ఫొటో తీస్తే ఇక్కడే పెట్టండి, వెదురుతో సహా రావాలి.

మారేడుమిల్లి_మల్లేశ్

పెడతానండీ. వెదురుబియ్యం రాలినచోట ఎక్కువ దొరుకుతాయన్నమాట. పోయినేడు పూసిన పొద ఒకటి నాకు తెలుసు.